మార్ఫిన్: నొప్పికి ఒక లెక్క, ఊపిరికి ఒక లెక్క, పేగులకు ఇంకో లెక్క

సంపాదకుడు గారికి నమస్కారం.

మత్తుమందుల వల్ల ఎవరైనా చనిపోయినప్పుడు మన పత్రికల్లో దాదాపు ఒకే వాక్యం కనిపిస్తుంది. శరీరం అలవాటుపడింది, డోసు పెంచుకుంటూ పోయాడు, చివరికి ప్రాణం పోయింది అని. అబద్ధం కాదు గానీ ఇందులో సగం సంగతే ఉంది, మిగతా సగం తెలియకపోవడం వల్ల రెండు వైపులా నష్టం జరుగుతోంది. ఒక వైపు క్యాన్సర్ నొప్పితో విలవిల్లాడే మనిషికి ఇంట్లోవాళ్లే భయపడి మార్ఫిన్ ఇవ్వడం మానేస్తున్నారు, ఇంకో వైపు కొన్నాళ్లు మానేసి మళ్లీ పాత డోసే తీసుకున్న కుర్రాడు పొద్దున్నకి లేవడం లేదు. రెండింటికీ కారణం ఒకటే. శరీరం మొత్తం ఒకే వేగంతో అలవాటుపడుతుందని అందరూ అనుకుంటారు. అలా పడదు.

నేను ఏళ్ల తరబడి మందుల కౌంటర్ వెనక పనిచేసి రిటైరైన ఫార్మసిస్టుని. డాక్టర్‌ని కాను కాబట్టి ఎవరికీ డోసు చెప్పబోను, ఈ ఉత్తరం చదివి ఎవరూ తమ మందు తామే పెంచుకోవద్దు, తగ్గించుకోవద్దు. కానీ ఈ మందులు ఒంట్లో ఎలా నడుచుకుంటాయో మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పేవాళ్లు తక్కువ. డాక్టర్ దగ్గర టైం ఉండదు, చీటీలో ఆ సంగతి ఉండదు.

మార్ఫిన్, హెరాయిన్, కోడీన్, ట్రమడాల్, ఫెంటానిల్, మెథడోన్ ఇవన్నీ ఒకే కుటుంబం, ఓపియాయిడ్లు అంటారు. కొన్ని నల్లమందు నుంచి వచ్చాయి, కొన్నిటిని ల్యాబుల్లో తయారుచేశారు. ఇవి ఒంట్లోకి వెళ్లాక నొప్పి తగ్గించడం ఒక్కటే చేసి ఊరుకోవు. మగత తెస్తాయి, వికారం పుట్టిస్తాయి, కొందరికి హాయిగా తేలిపోతున్నట్టు ఉంటుంది, దురద వస్తుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, పేగుల కదలిక తగ్గిపోతుంది, కంటిపాప గుండుసూది మొనంత అయిపోతుంది. అదే మందు కొన్నాళ్లు వాడితే వీటిలో కొన్ని తగ్గిపోతాయి, అంతకుముందు వచ్చిన ఫలితం రావాలంటే ఇంకాస్త ఎక్కువ కావాలి. దీన్నే టాలరెన్స్ అంటారు. గుంటూరు కారం రోజూ తినేవాడి నోరు దానికి అలవాటుపడుతుంది, కళ్లల్లో నీళ్లు రావు, కానీ కడుపు మంట మాత్రం పోదు కదా. ఓపియాయిడ్ల సంగతీ అంతే, ఒక్కో పనికి టాలరెన్స్ ఒక్కో వేగంతో వస్తుంది, కొన్నిటికి అసలు రాదనే చెప్పాలి.

ముందుగా వచ్చేది వికారానికీ మగతకీ. మార్ఫిన్ మొదలుపెట్టిన కొత్తల్లో చాలామందికి కడుపులో తిప్పుతుంది, కొందరికి వాంతులవుతాయి, మనిషి మత్తుగా పడుకునే ఉంటాడు. కొద్ది రోజుల్లో, ఎక్కువమందికి వారం లోపే, ఇవి తగ్గిపోతాయి. అన్నాళ్లు నిద్రలేక నొప్పితో ఉన్న మనిషి మొదటిసారి నొప్పి తగ్గి నిద్రపోతే అది మందు మత్తా, బాకీపడ్డ నిద్రా అన్నది కూడా చూసుకోవాలి. మన ఇళ్లల్లో జరిగేది ఏమిటంటే సరిగ్గా ఈ వారంలోనే మందు ఆపేస్తారు. "అమ్మకి ఈ మందు పడలేదండీ" అని మిగిలిన స్ట్రిప్పు పట్టుకుని వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. ఇంకో మూడు నాలుగు రోజులు వాంతుల మాత్ర తోడుగా ఇచ్చి ఓపిక పడితే ఆ అమ్మకి పడేది. అలాగని మగత రోజురోజుకీ ఎక్కువవుతున్నా ఊరుకోమని కాదు. తగ్గాల్సింది పెరుగుతోందంటే వెంటనే డాక్టర్‌కి చెప్పాల్సిందే.

ఇక ఎప్పటికీ అలవాటు కానిది మలబద్ధకం. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు, పేషెంటు సిగ్గుపడి చెప్పడు, చివరికి నొప్పి కన్నా ఇదే ఎక్కువ బాధపెడుతుంది. మార్ఫిన్ వెళ్లి అంటుకునే రిసెప్టర్లు, అంటే కణాల మీద మందు పట్టుకునే చోట్లు, మెదడులోనే కాదు, పేగుల గోడల్లోని నరాల్లో కూడా దండిగా ఉన్నాయి. అక్కడ మందు పట్టుకుంటే పేగు ముందుకు తోసే పని మందగిస్తుంది, నీరంతా పీల్చేసుకుని మలం రాయిలా అవుతుంది. నెలలు గడిచినా ఇది సర్దుకోదు. విరేచనాలు ఆపడానికి మనం వాడే లోపరమైడ్ కూడా ఓపియాయిడే, మామూలు డోసులో అది మెదడుకి చేరదు కాబట్టి మత్తు రాదు, పేగుల మీద మాత్రమే పనిచేస్తుంది. అంటే ఒకచోట జబ్బుకి మందుగా వాడుతున్న గుణమే ఇంకోచోట ఇబ్బందిగా మారుతోంది.

అందుకే మార్ఫిన్ రాసిన చెయ్యే విరేచనం మందూ రాయాలని పాలియేటివ్ కేర్ వాళ్లలో, అంటే నయం కాని జబ్బుల్లో నొప్పీ బాధా తగ్గించే వైద్యం చేసేవాళ్లలో, ఒక మాట ఉంది. మలబద్ధకం వచ్చాక కాదు, మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఇసబ్‌గోల్ ఇవ్వడం. మంచం పట్టి నీళ్లు సరిగా తాగలేని మనిషికి, అసలే పేగు కదలని మనిషికి, ఆ పొట్టు లోపల ముద్దకట్టి ఇంకా బిగించేస్తుంది. పేగుని కదిలించే బిసాకోడిల్ లాంటివో, సెన్నా అంటే మన సునాముఖి నుంచి చేసిన మాత్రలో, మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ లాంటివో డాక్టర్ రాస్తారు. కడుపు ఉబ్బి, వాంతులు అవుతూ, గ్యాస్ కూడా పోకపోతే మాత్రం సొంతంగా ఏ విరేచనం మందూ ఇవ్వకండి, పేగు మూసుకుపోయిందేమో చూపించాలి.

కంటిపాప సంగతీ ఇలాంటిదే. ఎన్నాళ్లు వాడినా చిన్నదిగానే ఉంటుంది, దానికీ పెద్దగా టాలరెన్స్ రాదు. ఇది ఒక రకంగా మంచిదే, ఎవరైనా స్పృహ లేకుండా పడి ఉంటే, కంటిపాపలు చుక్కల్లా ఉంటే, లోపల ఓపియాయిడ్ ఉందేమోనని అనుమానించడానికి ఆధారం అది. కానీ దీన్ని తిరగేసి చూసి భయపడేవాళ్లూ ఉన్నారు. మార్ఫిన్ వాడుతూ కూర్చుని కబుర్లు చెబుతున్న పెద్దాయన కళ్లు చూసి డోసు ఎక్కువైపోయిందని హడావిడిగా మందు ఆపించిన సందర్భం నాకు తెలుసు. కంటిపాప చిన్నదైతే మందు ఒంట్లో ఉందని అర్థం, అంతే. ప్రమాదం ఉందో లేదో చెప్పేది ఊపిరి. నిమిషానికి ఎన్నిసార్లు తీసుకుంటున్నాడు, పిలిస్తే పలుకుతున్నాడా, పెదాలు నీలంగా మారుతున్నాయా, గురక వింతగా గొంతులో నీళ్లు ఆడినట్టు ఉందా, ఇవి చూడాలి.

నొప్పి దగ్గరికి వద్దాం. "ఇప్పుడే మార్ఫిన్ మొదలుపెడితే చివర్లో పనిచేయదు, దాచుకుందాం" అనేది మన ఇళ్లల్లో బాగా వినిపించే మాట. మా దగ్గరి బంధువుల ఇంట్లో ఒకావిడకి గర్భాశయ క్యాన్సర్ ఎముకల దాకా పాకింది. డాక్టర్ నాలుగు గంటలకోసారి వేయమన్న మాత్రని కొడుకులు రాత్రిపూట ఒక్కటే వేసేవారు. ప్రేమ లేక కాదు, తల్లి దానికి బానిస అయిపోతుందని, చివర్లో అసలు నొప్పికి ఏమీ మిగలదని. నేను వెళ్లి చెప్పినా వినలేదు, పాలియేటివ్ నర్సు ఇంటికి వచ్చి కూర్చుని చెప్పాక గానీ మారలేదు. నర్సు చెప్పింది చాలా సీదా విషయం. మార్ఫిన్‌కి ఇంతకు మించి ఇవ్వకూడదన్న గీత లేదు, నొప్పి పెరిగితే డాక్టర్ చూస్తూ డోసు పెంచుకోవచ్చు, దాచుకుంటే పొదుపు అయ్యేదేమీ లేదు. అసలు చాలామంది క్యాన్సర్ పేషెంట్లకి సరైన డోసు కుదిరాక వారాలు, నెలలు అదే డోసు సరిపోతుంది. ఉన్నట్టుండి ఎక్కువ కావాల్సి వస్తే మందుకి ఒళ్లు అలవాటుపడిందని కాకుండా ముందు జబ్బు పెరిగిందేమో చూస్తారు. ఎక్కువసార్లు అదే కారణం.

నొప్పికి టాలరెన్స్ రాదని కాదు, వస్తుంది. లోపల జరిగేది స్థూలంగా ఇది. మార్ఫిన్ పట్టుకునే మ్యూ రిసెప్టర్‌ని పదేపదే తట్టి లేపుతుంటే కణం దాన్ని మొద్దుబారేలా చేస్తుంది, కొన్నిటిని పైపొర నుంచి లోపలికి లాగేసుకుంటుంది. మందు అణిచేస్తున్న సంకేతాలని తిరిగి పెంచుకోవడానికి కణం తన యంత్రాంగాన్ని ఎక్కువగా నడుపుతుంది. మందు ఒక్కసారిగా ఆపితే ఆ ఎక్కువ నడక అలాగే ఉండిపోతుంది, దాంతో ఆవులింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, ఒళ్లు నొప్పులు, విరేచనాలు వస్తాయి. కొందరిలో చాలా ఎక్కువ డోసుల దగ్గర మందు వల్లే నొప్పి పెరగడం అనే విచిత్రం కూడా జరుగుతుంది, అప్పుడు డోసు పెంచితే ఇంకా మండుతుంది. అందుకే నొప్పి పెరిగినప్పుడల్లా ఇంకో మాత్ర వేసేయడం సరైన దారి కాదు. నరాల నొప్పికి వేరే మందులుంటాయి, ఎముక నొప్పికి రేడియేషన్ బాగా పనిచేస్తుంది. నొప్పి అలా తగ్గిపోయాక పాత మార్ఫిన్ డోసే ఎక్కువై మగతలోకి జారిపోవచ్చు కాబట్టి అప్పుడు తగ్గించాలి కూడా. కిడ్నీలు దెబ్బతిన్నా అంతే, మార్ఫిన్ విడిపోయాక మిగిలే పదార్థాలు బయటికి పోక ఒంట్లో పేరుకుంటాయి, నిన్నటిదాకా సరిపోయిన డోసు ఇవాళ ఎక్కువైపోతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఊపిరి.

మెదడు కింది భాగంలో మనం తలచుకోకుండానే ఊపిరి నడిపించే కేంద్రం ఉంది. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే ఊపిరి తీసుకోమని తరిమేది అదే. ఓపియాయిడ్లు దాన్ని నెమ్మదింపజేస్తాయి. దీనికీ టాలరెన్స్ వస్తుంది, అందుకే నెలల తరబడి మార్ఫిన్ మీదున్న పేషెంటు కొత్తవాడి ప్రాణం తీసే డోసు తీసుకుని కూడా మామూలుగా టీ తాగుతూ పేపర్ చదువుకుంటాడు. డాక్టర్ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వెళ్లినప్పుడు ఊపిరికి ప్రమాదం చాలా తక్కువ. కానీ హాయి కోసం వాడేవాళ్ల కథ వేరు. హాయికి టాలరెన్స్ తొందరగా, బాగా వస్తుంది. ఊపిరికి వచ్చే టాలరెన్స్ దాని కంటే నెమ్మదిగా, అసంపూర్తిగా ఉంటుందని ఈ రంగంలో పరిశోధన చేసినవాళ్లు చెబుతున్నారు. అంటే పాత హాయి కోసం డోసు రెండింతలు, మూడింతలు చేసుకుంటూ పోతుంటే ఊపిరి అంత వేగంగా వెనక రాలేదు. హాయినిచ్చే డోసుకీ చంపే డోసుకీ మధ్య ఉన్న ఎడం రోజురోజుకీ తగ్గిపోతుంది. వాడేవాడికి మాత్రం "నాకు బాగా అలవాటైపోయింది, నాకేం కాదు" అన్న ధైర్యం పెరుగుతుంటుంది.

దీనికి మించిన ప్రమాదం మానేసిన తర్వాత. వచ్చిన టాలరెన్స్ మందు ఆపితే పోతుంది, కొద్ది రోజుల నుంచి కొద్ది వారాల్లోనే చాలా భాగం పోతుంది. కోరిక అంత తొందరగా పోదు. పాత డోసు ఎంతో మనసుకి గుర్తుంటుంది, ఊపిరి కేంద్రం మాత్రం మళ్లీ కొత్తదైపోతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్ల మీద చేసిన ఒక అధ్యయనం 2007లో వచ్చింది. విడుదలైన మొదటి రెండు వారాల్లో డ్రగ్స్ ఓవర్‌డోస్‌తో చనిపోయే ముప్పు బయట మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు ఉందని అందులో తేలింది. రెట్లు అన్నారు, శాతం కాదు. జైలైనా, డీఅడిక్షన్ సెంటరైనా, ఆసుపత్రైనా ఒంటికి తేడా లేదు, మందు లేని రోజులే లెక్క.

మన దగ్గర డీఅడిక్షన్ సెంటర్లు చాలా వచ్చాయి, కొన్ని నిజంగా మంచివి. కానీ అక్కడి నుంచి కుర్రాణ్ణి ఇంటికి పంపేటప్పుడు తల్లిదండ్రులకి ఈ ఒక్క మాట ఎంతమంది చెబుతున్నారు? నాకు తెలిసిన ఒక కుటుంబంలో పిల్లాడు తిరిగొచ్చాక అందరూ పండగ చేసుకున్నారు, గుడికి వెళ్లి మొక్కు తీర్చుకున్నారు, మళ్లీ జారిపోతే పాత మోతాదు ప్రాణం తీస్తుందన్న హెచ్చరిక మాత్రం వాళ్లకి ఎవరూ ఇవ్వలేదు. అలా చెబితే మళ్లీ వాడమని సలహా ఇచ్చినట్టు అవుతుందని సెంటర్ వాళ్లు మొహమాటపడతారట. ఇదేం మొహమాటమో నాకు అర్థం కాదు. మెథడోన్, బుప్రెనార్ఫిన్ లాంటి మందులతో (ఇవీ ఓపియాయిడ్లే) డాక్టర్ చూస్తూ చికిత్స కొనసాగిస్తే చావులు తగ్గడానికి ఒక కారణం కూడా ఇదే, ఆ టాలరెన్స్ పూర్తిగా పడిపోకుండా ఉంటుంది. బుప్రెనార్ఫిన్‌కి ఇంకో సుగుణం ఉంది, డోసు పెంచినా ఊపిరిని అణచడం ఒక స్థాయి దగ్గర ఆగిపోతుంది. మద్యమో నిద్రమాత్రలో కలిపితే మాత్రం ఆ రక్షణని నమ్ముకోలేం.

ఇంకో వింత చెప్పాలి, చాలామంది నమ్మరు. టాలరెన్స్ కొంతవరకు చోటుని బట్టి ఉంటుంది. కెనడాలో షెపర్డ్ సీగల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఎలుకలకి ఒకే గదిలో చాలా రోజులు హెరాయిన్ అలవాటుచేసి, తర్వాత ఒక పెద్ద డోసు ఇచ్చింది. అలవాటైన గదిలో ఇస్తే 32 శాతం చనిపోయాయి, అదే డోసు కొత్త గదిలో ఇస్తే 64 శాతం. ఎప్పుడూ మందు తీసుకోని ఎలుకల్లో 96 శాతం. ఇది 1982లో వచ్చిన పరిశోధన. రోజూ మందు ఎక్కే చోటు, మనుషులు, సిరంజి కనిపించగానే శరీరం ముందుగానే ఎదురు కాచుకుంటుంది, కొత్త చోట ఆ సన్నద్ధత ఉండదు. ఎప్పుడూ వాడే డోసే, ఊరు మారిందంతే, అయినా ప్రాణం ఎలా పోయిందని ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నకి కొన్నిసార్లైనా ఇందులో జవాబు ఉండొచ్చు.

ఇక మన తెలుగు నేల మీద నాకు ఎక్కువ భయం వేసే విషయం. మన వార్తల నిండా గంజాయే ఉంటుంది, హెరాయిన్ అంటే పంజాబ్ గోల అనుకుంటాం. కానీ ట్రమడాల్, టాపెంటడాల్, కోడీన్ సిరప్ ఊళ్లల్లోకి ఎప్పుడో వచ్చేశాయి. ట్రమడాల్‌ని 2018లో ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల నియంత్రణ చట్టం, కిందికి తెచ్చారు, అంతకుముందు లారీ డ్రైవర్లు, హమాలీలు ఒళ్లు నొప్పులకని స్ట్రిప్పులు స్ట్రిప్పులు అడిగేవారు. ఒక మాత్రతో మొదలై నాలుగు, ఆరు అవుతాయి. నొప్పికీ హాయికీ టాలరెన్స్ వస్తుంది, కానీ ట్రమడాల్ వల్ల వచ్చే ఫిట్స్‌కి రాదు. రోజుకి 400 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దు అందుకే, అలవాటుపడ్డవాడికి కూడా ఆ హద్దు జరగదు. ఇంకా ఘోరం ఏమిటంటే మార్కెట్లో ఎక్కువగా దొరికేది పారాసిటమాల్‌తో కలిపిన మాత్ర, ఒక్కోదానిలో ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి. రోజుకి ఒక డజను వేసుకుంటే మనిషి గాల్లో తేలుతుంటాడు, లోపల లివర్‌కి నాలుగు గ్రాములకి దగ్గరగా పారాసిటమాల్ చేరుతుంటుంది. ఇలాంటివాళ్లు చాలామంది తాగేవాళ్లే కూడా. మెదడు అలవాటుపడినట్టు లివర్ పారాసిటమాల్‌కి అలవాటుపడదు.

దీనికి తోడు అల్ప్రాజొలం అనే నిద్రమాత్రల మందు. తెలంగాణలో కల్తీ కల్లులో దీన్ని కలుపుతారని ఎక్సైజ్ కేసులు చూసే ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇదీ మత్తే, ఇదీ ఊపిరిని తగ్గించేదే, కానీ పనిచేసే దారి వేరు. మార్ఫిన్‌కో ట్రమడాల్‌కో వచ్చిన టాలరెన్స్ అల్ప్రాజొలం నుంచి కాపాడదు, మద్యం నుంచీ కాపాడదు. రెండూ కలిసినప్పుడు ఒకదాని మీద ఒకటి పడి ఊపిరి ఆగిపోతుంది. నడుం నొప్పికి నొప్పి మాత్ర వేసుకుని సాయంత్రం కల్లు కాంపౌండ్‌కి వెళ్లే పెద్దాయన తను రెండు మత్తుమందులు తీసుకుంటున్నట్టు అనుకోడు, డాక్టర్ కూడా "కల్లు తాగుతావా" అని అడగడు. అడగాలి. ఏ ఊరి కల్లు అని కూడా అడగాలి.

ఫెంటానిల్ ప్యాచీలు ఇప్పుడు మన ఇళ్లల్లోకీ వచ్చాయి. చర్మానికి అతికిస్తే మూడు రోజులు మందు వదులుతూ ఉంటుంది. ఫెంటానిల్ మార్ఫిన్ కంటే 50 నుంచి 100 రెట్లు బలమైనది. అప్పటికే ఓపియాయిడ్లకి అలవాటుపడ్డవాళ్లకి మాత్రమే ప్యాచీ వేయాలి, అమెరికా నిబంధనల ప్రకారం కనీసం వారం రోజులపాటు రోజుకి 60 మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్రలు, లేదా దానికి సమానమైన ఇంకో ఓపియాయిడ్ వాడి ఉండాలి. నాన్నగారికి వేసిన ప్యాచీ మోకాలి నొప్పిగా ఉందని అమ్మగారికి అంటించడం, చెప్పడానికే ఒళ్లు జలదరిస్తుంది, జరుగుతుంది. ప్యాచీ మీద వేడినీళ్ల బ్యాగు పెట్టినా, జ్వరం బాగా వచ్చినా మందు వేగంగా లోపలికి వెళ్లిపోతుంది. ఒక ఓపియాయిడ్ నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు కూడా డాక్టర్లు లెక్కకట్టిన డోసులో పావు వంతు నుంచి సగం దాకా తగ్గించి మొదలుపెడతారు, ఎందుకంటే ఒకదానికి వచ్చిన టాలరెన్స్ ఇంకోదానికి పూర్తిగా వర్తించదు. కొత్త మందు డోసు తక్కువ అనిపించి ఇంట్లోవాళ్లు పాతది కూడా పక్కన వేసేస్తుంటారు, దయచేసి అలా చేయకండి.

ఇదంతా చదివి మళ్లీ మార్ఫిన్ అంటే భయపడేవాళ్లు ఉంటారు, వాళ్ల కోసం ఒక మాట. టాలరెన్స్ రావడం, ఆపితే ఒళ్లు ఇబ్బందిపడటం, ఈ రెండూ శరీరం మామూలుగా చేసే పనులు, ఎవరికైనా జరుగుతాయి. ఎన్నాళ్లుగానో స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లని, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడుతున్నవాళ్లని కూడా హఠాత్తుగా ఆపవద్దంటారు. వ్యసనం అంటే నష్టం కళ్ల ముందు కనిపిస్తున్నా మందు కోసం వెంపర్లాడటం, అది వేరు. భయం చట్టాల్లోకి వెళ్తే ఏమవుతుందో మనం చూశాం. 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక లైసెన్సుల గొడవ, జైలు భయం తట్టుకోలేక ఆసుపత్రులు మార్ఫిన్ తెప్పించడమే మానేశాయి. అంతకుముందు వందల కిలోలున్న వైద్య వాడకం 1997 నాటికి దేశం మొత్తం మీద 18 కిలోలకి పడిపోయింది. నల్లమందు పండించి ప్రపంచానికి అమ్మే దేశంలో సొంత క్యాన్సర్ రోగికి మాత్ర దొరకలేదు. కేరళలో పాలియేటివ్ వైద్యుడు డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో చట్టం సవరించి దారి సులువు చేశారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, తెలంగాణ జిల్లాల్లోనూ ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు వచ్చాయి. మందు ఉంది, చట్టం ఒప్పుకుంది, ఇంట్లో కొడుకు ఒప్పుకోవడం లేదు.

పత్రిక వాళ్లని అడిగేది పెద్దదేమీ కాదు. ఓవర్‌డోస్ చావు వార్త రాసేటప్పుడు ఆ మనిషి ఈ మధ్య కొన్నాళ్లు మానేసి ఉన్నాడా, జైలు నుంచో సెంటర్ నుంచో కొత్తగా వచ్చాడా, తోడుగా మద్యం, నిద్రమాత్రలు ఉన్నాయా అని పోలీసుల్ని, డాక్టర్లని అడిగి ఒక్క వాక్యం రాయండి. మనిషి పిలిస్తే పలకక ఊపిరి నెమ్మదిస్తే పడుకోనీయండి అనకుండా 108కి ఫోన్ చేయాలని, నలాక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఆసుపత్రిలో ఉంటుందని, దాని ప్రభావం కొద్దిసేపే కాబట్టి లేచి కూర్చున్నా ఇంటికి తీసుకెళ్లిపోకూడదని పక్కన ఒక బాక్సు కట్టండి. ప్రభుత్వం వాళ్లు చదివితే, చాలా దేశాల్లో ముక్కులో కొట్టే స్ప్రేగా దొరికే ఈ మందు నేను కౌంటర్ వెనక ఉన్నన్నాళ్లూ మా షాపుకి ఒక్కసారి కూడా రాలేదని గుర్తుచేస్తున్నాను. అమెరికా వెళ్లే మన పిల్లలకి కూడా తల్లిదండ్రులు చెప్పాలి, అక్కడ స్నేహితులిచ్చే నకిలీ నొప్పి మాత్రల్లో ఫెంటానిల్ ఉంటోంది, ఎప్పుడూ ఏమీ వాడని పిల్లవాడి ఊపిరికి టాలరెన్స్ సున్నా.

మార్ఫిన్ పేషెంటు ఉన్న ఇళ్లకి ఇంకొక్కటి. మనిషి పోయాక మాత్రలు, ప్యాచీలు మిగిలితే బీరువాలో దాచకండి, ఎవరికో పనికొస్తాయని పక్కింటికి ఇవ్వకండి. వాడిన ప్యాచీలో కూడా మందు మిగిలే ఉంటుంది, జిగురు వైపు లోపలికి మడిచి పిల్లల చేతికి అందకుండా ఉంచి, మాత్రలతో పాటు రాసిచ్చిన ఆసుపత్రికే తిరిగి ఇచ్చి రిజిస్టర్‌లో రాయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
హనుమకొండ